బెంగలేని నారు

గోదావరి వరద తీసిందంటే మా మొగలిలంకలో అందరూ నేలవైపు చూసేవారు. నేను మాత్రం మా అమ్మాయి లోవవైపు చూసేదాన్ని. వరద పోయాక గుంటల్లో పాములుంటాయి. ఒండ్రులో కాలు పడితే మోకాలిదాకా దిగిపోతుంది. లోపల గాజుపెంకులుంటాయి, మేకులుంటాయి, ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చిన కరెంటు తీగ కూడా ఉండొచ్చు. ఇవన్నీ నేను గుమ్మంలో నిలబడి చెబుతూ ఉంటే, నా కూతురు లోవకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని ఒండ్రులోకి దిగిపోయేది.

"నీ భయాలన్నీ గంపకెత్తితే గోదారికి అడ్డుకట్ట వేసెయ్యొచ్చమ్మా," అనేది వెనక్కి చూడకుండానే.

వాళ్ళ నాన్న పోయాక నాకు మిగిలింది అది ఒక్కతే. అది దగ్గితే క్షయ అనుకునేదాన్ని, ఆలస్యమైతే పడవ తిరగబడిందనుకునేదాన్ని. ఎన్నోసార్లు రేవుదాకా ఏడ్చుకుంటూ వెళ్ళి, నవ్వుకుంటూ వస్తున్న పిల్లని చూసి వెనక్కి తిరిగాను. నూకరత్నం భయపడిందంటే ఇక ఏ ప్రమాదమూ లేనట్టే అని లంకలో ఆడవాళ్ళు ఒక సామెతే కట్టారు. అందుకని, నిజంగా జరిగినప్పుడు నేను ఎంతమందికి చెప్పినా ఎవరూ నమ్మలేదు.

వెనకటికి మా లంకకి ఒక లెక్క ఉండేది. శ్రావణంలో వచ్చిన వరద భాద్రపదంలో తీసేది. ఒండ్రు ఆరీ ఆరకముందే ముల్లంగి, చిక్కుడు, కొత్తిమీర గింజలు నేలలోనే వేసేవాళ్ళం. వంగ, టమాటా, కాబేజీ, కాలీఫ్లవరు మాత్రం గట్టు మీద నారు పోసుకుని, ఎదిగాక తెచ్చి నాటేవాళ్ళం. ఇప్పుడు గోదావరి పోయినట్టే పోయి మళ్ళీ మళ్ళీ వస్తోంది. ఆశ్వయుజం దాటితేగాని నేల చేతికి రావడం లేదు. గింజ వేసి మొలిపించుకునేంత వ్యవధి లేదు. పోనీ అంతా నారే నాటుదామా అంటే, పీకి తెచ్చిన నారు ఊరికే నిలబడదు. తల వాల్చేస్తుంది, ఆకు పండబారుతుంది. దాన్నే మేము బెంగ పెట్టుకుంది అంటాం. ఆ బెంగ తీరి తేరుకునేసరికి చలికాలం సగం వెళ్ళిపోతుంది, గట్టిగా కట్టాల్సిన కాలీఫ్లవరు పువ్వు ఎండకి విచ్చిపోతుంది.

ఆ బెంగ లేకుండా చేసే మందు ఉందని ఒక కంపెనీ వచ్చి గట్టు మీద పచ్చవల షెడ్డు వేసింది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ ఇందుశేఖర్ గారు కూడా వచ్చారు. సన్నగా, కళ్ళజోడు జారిపోతూ, ఎవరు పలకరించినా మొహమాటపడే మనిషి. ఆయన అందరి ఎదుటా మిట్టమధ్యాహ్నం రెండు కాబేజీ మొక్కలు నాటారు. ఆ ఎండలో ఎవరైనా నాటుతారా అని ముసలివాళ్ళు నవ్వారు. ఒక మొక్క వేళ్ళని మాత్రం నీలంగా ఉన్న నీళ్ళలో ముంచి నాటారు. అందరం టీ తాగి గ్లాసులు కింద పెట్టేసరికి ముంచని మొక్క మెడ వాల్చేసింది. ముంచింది అక్కడే పుట్టి అక్కడే పెరిగినట్టు నిలబడి ఉంది.

వేరు తను పుట్టిన మడిని గుర్తుపెట్టుకుంటుందని ఆయన చెప్పారు. ఆ తడి, ఆ ఉప్పు, ఆ మట్టిలో పురుగు, అన్నీ దానికి గుర్తే. కొత్త మట్టిలో పెడితే పాతదాని కోసం వెతుక్కుంటుంది, వెతుకులాటలోనే వడలిపోతుంది. ఈ నీళ్ళు ఆ గుర్తుని చెరిపేస్తాయి. అంతే.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. పుట్టిన చోటు గుర్తులేని వేరు ఇంక దేన్ని పట్టుకుంటుందే అన్నాను లోవతో. కాబేజీ గురించి కూడా బెంగేనా అని అది పక్కున నవ్వింది. ఆ వారమే షెడ్డులో పనికి చేరింది, పక్కింటి దుర్గమ్మ వదిన కూతురు సరోజతో కలిసి. ట్రేల్లో నారు తీసి, తొట్టిలో ముంచి, రైతులకి అందివ్వడం వాళ్ళ పని.

నేను ఊరుకుంటానా. వెళ్ళి చూశాను. మోచేతులదాకా తొడుగులు ఇచ్చారు, ముక్కుకి గుడ్డ ఇచ్చారు, ఒంటికి రబ్బరు ఏప్రాన్ ఇచ్చారు. ఆ నీళ్ళు చర్మంలోంచి లోపలికి పోవని, అయినా జాగ్రత్త కోసమని డాక్టరు గారే నాకు చూపించారు. సాయంత్రం లోవ రాగానే దాని చేతులు వాసన చూసేదాన్ని. సబ్బు వాసన తప్ప ఏమీ ఉండేది కాదు. మందు సంగతి వదిలేసి షెడ్డు రేకులు గాలికి ఎగిరి మీద పడతాయేమోనని భయపడటం మొదలుపెట్టాను.

మొదట తేడా తెలిసింది తువ్వాలు దగ్గర. వాళ్ళ నాన్న ఎర్రగళ్ళ తువ్వాలు తలకింద లేకపోతే లోవకి చిన్నప్పట్నుంచీ నిద్ర పట్టేది కాదు. ఒకరోజు దాంతో గచ్చు తుడుస్తోంది. అదేంటే అంటే, పాతగుడ్డేగా అంది, కోపం లేదు, విసుగు లేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం మా గుమ్మం దాటిపోయి దుర్గమ్మ వదిన అరుగు మీద కూర్చుంది. వాళ్ళు పెడితే అన్నం తిని అక్కడే పడుకుంది. ఇల్లు మర్చిపోయావా అని వదిన వేళాకోళం ఆడిందట. ఇక్కడ కూడా బాగానే ఉంది కదత్తా అందట. ఇంకొన్నాళ్ళకి షెడ్డు పక్క గదుల్లోనే ఉండిపోతానంది. దిగులుగా లేదు. అదే నన్ను చంపింది. ఒళ్ళు చేసింది, మొహం కళకళలాడుతోంది, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ పువ్వులా ఉంది.

ఆర్.ఎమ్.పి. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పిల్ల బంగారంలా ఉంది, మందు నీకే కావాలన్నాడు. పంచాయితీ పెద్దలైతే నన్ను చెప్పనివ్వలేదు కూడా. అప్పుడు టిఫిను క్యారేజీలో పులుసన్నం పెట్టుకుని షెడ్డుకి నడిచాను. లోవ ట్రేలు కడుగుతోంది. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడింది.

"కూర్చోండి," అంది. "ఎవరి కోసం వచ్చారండీ?"

పుట్టినప్పట్నుంచీ 'నువ్వే', 'ఏంటే అమ్మా' అన్న నోరు అది. క్యారేజీ అక్కడే పెట్టి వచ్చేశాను. ఎవరో మర్చిపోయారని దాన్ని వాచ్‌మన్‌కి అప్పగించిందట.

దుర్గమ్మ వదిన నాలా కాదు, గట్టి మనిషి. సరోజ కూడా అలాగే అయిందని తెలిసి నేరుగా వెళ్ళి కూతుర్ని వాటేసుకుని గొల్లుమంది. సరోజ బెదిరిపోయింది. ఎవరో పిచ్చావిడ పట్టుకుందని కేకలు పెట్టి గదిలో గడియ వేసుకుంది. ఆ తర్వాత వదిన కనిపిస్తే చాలు, గొడ్డుని చూసిన పసిపిల్లలా పరుగెత్తేది. వదిన రేవులో కూర్చుని నీళ్ళవైపు చూస్తూ ఉండేది. ఆవిణ్ణి చూశాక నేను ఒకటి నేర్చుకున్నాను. ఏడ్చి లాగితే రాదు.

చివరికి డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు. లంకలో అలా విన్న మొదటి మనిషి ఆయనే. కార్తీక పున్నమికి ఆడపిల్లలెవరూ సెలవు అడగకపోతే అప్పుడే అనుమానం వచ్చిందని చెప్పారు. తొడుగులన్నిట్లో నీళ్ళు నింపి చూశాననీ, ఒక్క చిల్లు కూడా లేదనీ అన్నారు. కంపెనీకి రాస్తే వాళ్ళు కంగారుపడలేదట, సంతోషించారట. ఇంటి ధ్యాస లేని పనివాళ్ళు ఎవరికి చేదు. ఎక్కడో ఉత్తరాన కొత్త తోటలు వేస్తున్నారు, ఇక్కడ నాట్లు అయిపోగానే లారీ వచ్చి ఈ పిల్లలందర్నీ తీసుకుపోతుంది. పోలీసులకి చెబుదామంటే, ఈడొచ్చిన పిల్లలు ఇష్టపడి వెళ్తుంటే ఎవరు ఆపుతారు.

ఒంట్లోకి ఎలా వెళ్తోందో తెలియడం లేదు, మీ ఇల్లు చూస్తాను అన్నారాయన. మర్నాడు పొద్దున్నే వచ్చారు. అప్పుడు నేను పెరట్లో వంగనారు నాటబోతున్నాను. మా ఇంట్లో పోసుకున్న నారే, ఏ మందూ లేనిది. తల్లివేరు నుంచి మట్టి దులిపి, మొదటి మొక్కని రెండు కళ్ళకీ అద్దుకుని, గుంటలో పెట్టాను.

ఆయన కదలకుండా నిలబడిపోయారు.

"అలా ఎందుకు చేశారు?"

"నేలతల్లికి అప్పగిస్తున్నాం కదండీ. మొదటి మొక్క కళ్ళకద్దుకోకుండా ఎవరైనా నాటుతారా?"

"ప్రతిసారీనా?"

"కొత్త మడి మొదలెట్టిన ప్రతిసారీ."

"ప్రతి ట్రేకీ," అన్నారు ఆయన నెమ్మదిగా. తడి మట్టి అని చూసుకోకుండా అక్కడే కూలబడ్డారు. తొడుగులు చూశాను, ముక్కుగుడ్డ చూశాను, కళ్ళ సంగతి ఆలోచించలేదు అని తనలో తనే గొణుక్కున్నారు. ముంచిన నారు ట్రేలోంచి మొదటిది తీసి, నీలం నీళ్ళు కారుతున్న వేళ్ళని ఈ పిల్లలు కళ్ళకద్దుకుంటున్నారు. రైతు చేతికి వెళ్ళేసరికి అవి ఆరిపోతాయి. చర్మంలోంచి పోనిది కంట్లోంచి పోతోంది. కంటి వెనకే కదమ్మా బుర్ర అన్నారు.

లోవకి మొదటి చిక్కుడు గింజ చేతిలో పెట్టి, కళ్ళకద్దుకోమ్మా అని చెప్పింది నేనే. అప్పటికి దానికి సరిగా నడక కూడా రాలేదు.

డాక్టరు గారు జేబులోంచి ఫోను తీశారు. అది మోగుతోంది. తెర మీద ఒక ఆడమనిషి బొమ్మ, ఆవిడ ఒళ్ళో ఒక పాప. ఆయన ఎత్తలేదు.

"నేను కూడా అద్దుకున్నానమ్మా. అందరూ చేస్తుంటే నేనొక్కణ్ణే చేయకపోతే బాగుండదని," అన్నారు. "ఈవిడ రోజూ ఫోను చేస్తారు. గొంతు చాలా బాగుంటుంది. మీరెవరండీ అని అడగడానికి మొహమాటంగా ఉంది."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. నేను ఆయన మోకాళ్ళు పట్టుకున్నాను. నా పిల్ల నాకు తిరిగొచ్చే మందు ఉంటే చెప్పమన్నాను. ఆయన నన్ను లేపి షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి ఒక మడి చూపించారు. మందులో ముంచిన నారుని తిరిగి అది పుట్టిన మడిలోనే పెట్టి చూశారట. అది ఆ మట్టిని గుర్తుపట్టలేదు. కానీ ఎక్కడైనా పట్టుకున్నట్టే అక్కడా వేరు పట్టుకుంది, పచ్చగా ఉంది.

"పాతది రాదమ్మా. కానీ పట్టుకునే గుణం పోలేదు. మందు ఆగాక మొదట ఎక్కడ వేరు దిగితే అదే దాని ఊరు. ఆ తర్వాత అక్కణ్ణుంచి కదిపితే బతకదు."

"మరి లారీ ఎక్కితే?"

"వేరు అక్కడే దిగిపోతుంది."

ఆయన ఆ పూటే తొట్లు ఒరిగించి నీలం నీళ్ళన్నీ సున్నం గోతిలో పారబోశారు. ఎందుకు పారబోయాలో మర్చిపోకముందే చేయాలన్నారు. లారీని మాత్రం ఆయన ఆపలేరు. అది రేపే.

ఆ రేపు పొద్దున్నే నేను మొహం కడుక్కుని, చీర మార్చుకుని షెడ్డుకి వెళ్ళాను. లోవ చిన్న సంచీ సర్దుకుని, మిగతా పిల్లలతో గట్టు మీద కూర్చుని ఉంది. సరోజ నన్ను చూసి లోపలికి పోయింది. నేను గొంతు సవరించుకున్నాను. పరాయివాళ్ళతో ఎలా మాట్లాడాలో అలా మాట్లాడాను.

"అమ్మాయ్, పెరట్లో కూరగాయలు వేసుకోవాలి. నా నడుం పట్టేసింది. లారీ వచ్చేదాకా కాస్త కూలికొస్తావా?"

"నారేనా అండీ? నారైతే చిటికెలో నాటేసి వస్తాను."

"నారు కాదు. గింజలు."

అది నవ్వింది. అదే నవ్వు, పై పన్ను మీద పన్ను ఎక్కిన నవ్వు. "గింజలా? ఈ రోజుల్లో గింజలెవరు వేస్తారండీ బాబూ. ఎప్పటికి మొలవాలి, ఎప్పటికి కాయాలి?"

"నాకు తొందర లేదులే."

వచ్చింది. నా వెనకే, సంచీ భుజానికి వేసుకుని, దాని ఇంటికి అది కూలికి వచ్చింది. ఇల్లు బాగుందండీ అంది. బోరింగు ఎక్కడా అని అడిగితే చూపించాను. చిన్నప్పుడు ఆ బోరింగు చేతికి వేళ్ళాడితే గడ్డం పగిలింది, ఆ మచ్చ దాని మొహం మీద ఇంకా ఉంది.

గింజలే ఎందుకంటే, నారు నాటినవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. గింజ అలా వెళ్ళనివ్వదు. తడి ఆరిందా, మొలక పగిలిందా, చీమ పట్టిందా అని వేసినవాళ్ళని మడి దగ్గర కూర్చోబెడుతుంది. నా దగ్గర అంతకంటే ఉపాయం లేదు. ఉన్న ఉపాయం కూడా ఎంత బక్కదో నాకు తెలుసు.

మడి కట్టింది. మట్టి చిదిపింది. వేలితో సాళ్ళు గీసింది. పని చాలా శుభ్రంగా చేసింది. ముల్లంగి గింజలు మూటలోంచి తీసి చేతిలో పోశాను. మొదటి గింజని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఎడమ కంటికి, కుడి కంటికి అద్దుకుంది.

ఇక్కడ మందు లేదు, ఏమీ లేదు, ఉత్త గింజ. అయినా చెయ్యి పట్టి లాగేద్దామనిపించింది. నన్ను దాని బుర్రలోంచి తుడిచేసింది ఆ చేష్టే. నాది అని దాని ఒంట్లో మిగిలిందీ ఆ చేష్టే.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాను.

"ఏమోనండీ. చెయ్యి దానంతటదే వెళ్తుంది."

అన్నం పెట్టాను. వంకాయ పచ్చిపులుసు, దానికి ప్రాణం. బాగుందండీ అంది, ఎవరింట్లో తిన్నా చెప్పేటట్టే. ఆకు తీసి పారేసి, చెయ్యి కడుక్కుంటూ ఉండగా గట్టు మీద లారీ హారను మోగింది.

అది తుడుచుకుని సంచీ అందుకుంది. వెళ్ళొస్తానండీ అమ్మగారూ అంది. దాని కాళ్ళ మీద పడిపోదామా అనుకున్నాను. రేవులో కూర్చున్న దుర్గమ్మ వదిన కళ్ళముందు కదిలింది. పడితే బెదిరిపోతుంది, పడకపోతే వెళ్ళిపోతుంది. ఏడాదికొకసారి ఇల్లు మునిగే లంకలో నేను ఎందుకు ఉండిపోయాను? మట్టి మీద ప్రేమ కాదు. ఈ పిల్లకి ఎక్కడ ఏమవుతుందో అన్న భయం, ఆ భయం పట్టుకునే ఇక్కడ నిలబడ్డాను. ఆ భయం తప్ప నాకు ఇంకే విద్యా రాదు.

అది తడిక దగ్గరికి వెళ్తోంది. నేను వెనకనుంచి చప్పుడు కాకుండా వంగి కోడిగంప ఎత్తేశాను.

పిల్లలకోడి. పొద్దుట్నుంచీ కట్టడిలో ఉంది. బయటికి రాగానే తల అటూ ఇటూ తిప్పి, మెత్తగా ఆరుతున్న కొత్త మడిని చూసి పరుగున వెళ్ళింది. వెనకే పిల్లలు. రెండు కాళ్ళతో మట్టి ఎగజిమ్మడం మొదలుపెట్టింది.

తడిక కిర్రుమంది. లోవ వెనక్కి చూసింది.

"అమ్మగారూ, కోడి!"

నేను వినపడనట్టు నిలబడ్డాను. అది సంచీ అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. హుష్ హుష్ అంటూ మడి చుట్టూ తిరిగింది. కోడిని అటు తరిమితే ఇటు వచ్చేది. జిమ్మిన మట్టిలోంచి గింజలు ఏరి, వేలితో మళ్ళీ పూడుస్తూ నన్ను తిట్టింది.

"గింజలేసి ఇలా వదిలేస్తారా ఎవరైనా? చూసుకోవద్దా? కాసిని కంప ఉంటే తెండి, కప్పుదాం. లేకపోతే ఒక్క గింజ మిగలదు."

"ఎక్కడ పెట్టానో వెతకాలమ్మా," అన్నాను. కంప ఇంటి వెనక గోడకే చేరేసి ఉంది.

హారను మళ్ళీ మోగింది. వస్తున్నా ఉండండి అని అరిచింది లోవ, మడి దగ్గర్నుంచి లేవకుండానే. చేతికి దొరికిన పుల్ల పట్టుకుని మడి వారన గొంతుక్కూర్చుంది. కోడి ఒక అడుగు వేస్తే పుల్ల ఆడించింది. మూడోసారి హారను మోగినప్పుడు తల ఎత్తి గట్టువైపు చూసింది. లారీ కదిలింది, ఇంజను చప్పుడు గట్టు వెంట పోయి పోయి, గాలిలో కలిసిపోయింది.

రేపు ఇంకో లారీ రావచ్చు. ఎల్లుండి దీని మనసే మారవచ్చు. గోదావరి మళ్ళీ పొంగి ఈ మడినీ ఈ ఇంటినీ కలిపి తీసుకుపోవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ లోవ తిరిగి మడిని చూస్తోంది, ఇప్పుడు దాని నుదుటి మీద ఒక ముడత ఉంది. షెడ్డుకి వెళ్ళినప్పట్నుంచీ ఆ నుదురు నున్నగా ఉండేది.

"ఇక్కడ పందికొక్కులొస్తాయాండీ?" అని అడిగింది.

వెళ్ళి దాని పక్కన, కొంచెం ఎడంగా కూర్చున్నాను.

"వస్తాయమ్మా," అన్నాను. "చీమలు గింజ మోసుకుపోతాయి. వాన పడితే కుళ్ళిపోతుంది, పడకపోతే ఎండిపోతుంది. మొలక వచ్చాక పురుగు కొరుకుతుంది. పక్కవాళ్ళ మేక ఒకటుంది, తడిక దూకేస్తుంది. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి."

నా భయాలన్నీ ఒక్కొక్కటే తీసి దాని ముందు పెట్టాను. ఈసారి అది నవ్వలేదు. పుల్ల గట్టిగా పట్టుకుని మడికి మరికాస్త దగ్గరగా జరిగింది.